మరల రేచీకటి



రేచీకటి తిండిలేని పిల్లల జబ్బని మన పెద్దలనువారు. ఇప్పుడది కలిగినవారి ఇండ్లకూ వచ్చినది. బరువు తగ్గుటకై పొట్టను కుదించి, చిన్నప్రేగులో కొంత దాటవేయు శస్త్రచికిత్స చేయించుకొన్న మా వదినెగారికి రెండేండ్లకు సందెపడగానే గడప కనిపించుట మానినది. కొవ్వుతోపాటు ఒంటబట్టవలసిన ‘ఎ’ విటమిను చాలకపోవుటయే కారణము. కాలేయములో నిలువ ఉన్నంతకాలము లోపము బయటపడదు. కోత ఎన్నడో మానినది గనుక ఎవరికీ అనుమానము రాదు. వేళకు పట్టుకొంటే మందుతో నయమగును. ముదిరితే నల్లగ్రుడ్డు చెడి చూపే పోవును. జీవితాంతము మాత్రలు, ఏటేటా రక్తపరీక్ష అవసరమని ఆస్పత్రి కాగితములో ఉన్నదట, ఇంగ్లీషులో! లక్షలు పుచ్చుకొనువారు ఆ నాలుగు మాటలు మరాఠీలోనో తెలుగులోనో వ్రాసి, ఇంటివారికి చదివి చెప్పరాదా?

— ఒక పాఠకుడు, షోలాపూరు