భయపెట్టేది రక్తమేనా?

మొన్న మా చెల్లెలు ఊరి నుంచి వచ్చి రెండ్రోజులుండి వెళ్లింది. ఆటో ఎక్కబోయే ముందు నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి, గొంతు తగ్గించి అడిగింది. "అక్కా, అది చదివే పుస్తకాలు ఎప్పుడైనా తెరిచి చూశావా? నాకైతే కడుపులో దేవేసింది. రేపు పెళ్లివారెవరైనా చూస్తే ఏమనుకుంటారు? నువ్వు చదువుకున్నదానివి, ఓసారి చదివి చూడు. నీకూ అలాగే అనిపిస్తే దాన్ని ఇంటికి తీసుకుపోతా. చదివిన చదువు చాలు."

'అది' అంటే తన కూతురే. మా ఇంట్లో ఉండి ఇక్కడ హైదరాబాద్‌లో ఎమ్మే ఇంగ్లీషు చదువుతోంది. నెమ్మదైన పిల్ల. గట్టిగా తుమ్మడానిక్కూడా మొహమాటపడుతుంది. అలాంటి పిల్ల దిండు కింద 'అమెరికన్ సైకో' నవల! ల్యాప్‌టాప్ నిండా భయానక సినిమాలు!

ఇలాంటి రాతలకి వాళ్ల పాఠాల్లో 'ట్రాన్స్‌గ్రెసివ్ ఫిక్షన్' అని పేరుందట. మర్యాదస్తులు నలుగురిలో ఎత్తని విషయాలు... హత్యలు, వికారాలు, మనిషిలోని పశుత్వం... ఏదీ దాచకుండా, మధ్యలో ఎక్కడా "ఇది తప్పు సుమా" అని కూడా అనకుండా రాసుకుపోవడం. ఇక 'కల్ట్' సినిమాలంటే, అందరూ ఒకసారి చూసి మరిచిపోయినా కొందరు మాత్రం పట్టుకు వదలకుండా ఏళ్ల తరబడి చూస్తూ, వాటి గురించి పోట్లాడుకుంటూ ఉండేవి.

తీర్పు చెప్పే పని నా నెత్తిన పడింది కాబట్టి చదివాను, చూశాను. పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ "ఏమిటీ, హాల్లో లైటు ఆర్పడం మానేశావు?" అని మావారు ఎగతాళి చేస్తూనే ఉన్నారు.

ముందు నా సంగతి ఒప్పుకోవాలి. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' సీరియల్‌గా వస్తున్న రోజుల్లో మా ఇంట్లో అమ్మ, అత్తయ్య, పక్కింటి పిన్నిగారు ఆ పత్రిక కోసం వంతులు వేసుకునేవారు. నాన్న చూస్తే వీపు చిట్లగొడతారని నేను లెక్కల పుస్తకంలో పెట్టుకుని చదివేదాన్ని. రాత్రిపూట పెరట్లోకి వెళ్లాలంటే చెల్లెల్ని తోడు రమ్మని బతిమాలేదాన్ని. ఆ చెల్లెలే ఈ చెల్లెలు. అదీ చదివింది. ఇప్పుడడిగితే గుర్తులేదంటుంది!

అప్పుడూ గొడవ జరిగింది. రంగనాయకమ్మగారు 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని ఏకంగా పుస్తకమే రాశారు. ఆ వయసులో నాకు ఆవిడ మీద కోపం వచ్చింది. ఇప్పుడు రాదు. చేతబడి నిజంగానే ఉందేమోనని నమ్మించే కథ పుస్తకంలోనే ఉండిపోదు కదా! తెలంగాణ పల్లెల్లో బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల్ని చెట్టుకు కట్టి కొట్టారు, పళ్లు ఊడగొట్టారు, ప్రాణాలు తీశారు. సీరియల్ వల్లే ఇదంతా జరిగిందని నేననను. ఆ పిచ్చి అంతకుముందూ ఉంది, తర్వాతా ఉంది. కానీ కథ చదవడం అయ్యాక నేను ఎవర్ని చూసి భయపడుతున్నాను? వీధి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మనా? ఆ ముసలమ్మ మీదికి రాయి ఎత్తినవాణ్నా? ఎంత రక్తం కారిందన్నదాని కంటే నాకు ఈ ప్రశ్నే ముఖ్యం. చెల్లెలు చూపించినవాటిని కూడా ఈ తూకంలోనే వేశాను.

'అమెరికన్ సైకో' రాసింది బ్రెట్ ఈస్టన్ ఎలిస్. కథ 1980ల నాటి న్యూయార్క్‌లో జరుగుతుంది. చెప్పేవాడు పాట్రిక్ బేట్‌మన్ అని వాల్ స్ట్రీట్‌లో పనిచేసే డబ్బున్న కుర్రాడు. పగలంతా సూట్లు, పెద్ద పెద్ద హోటళ్లు, విజిటింగ్ కార్డుల పోటీ. మిగతా వేళల్లో హత్యలు. మగవాళ్లనీ చంపుతాడు గానీ, పేజీల కొద్దీ చిత్రహింస మాత్రం ఆడవాళ్లకే. చొక్కా ఏ కంపెనీదో చెప్పిన గొంతుతోనే మనిషిని ఎలా కోశాడో కూడా చెబుతాడు. దీన్ని అచ్చు వేయాల్సిన సైమన్ అండ్ షూస్టర్ సంస్థ 1990లో, అంతా సిద్ధమయ్యాక, మాకొద్దు పొమ్మంది. 1991లో వింటేజ్ వాళ్లు వేశారు. అమెరికా జాతీయ మహిళా సంస్థ 'నౌ' వారి లాస్ ఏంజెలిస్ శాఖ ఆ పుస్తకాన్ని బహిష్కరించమని పిలుపునిచ్చింది. ఆస్ట్రేలియాలోనైతే ప్లాస్టిక్ కవరులో మూసి, పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే అమ్మాలన్నారు.

నేను ఆ పుస్తకం మొత్తం చదవలేకపోయాను. సూట్ల వర్ణనల దగ్గర నవ్వొచ్చింది. మన పెళ్లిళ్లలో "ఆ చీరెంత? ఆ హారం ఎన్ని కాసులు?" అనుకోవడమే, కాకపోతే ఇక్కడ మగవాళ్లు! ఆ తర్వాతి పేజీలు వచ్చేసరికి నవ్వు పోయింది. మూడుచోట్ల నాలుగైదు పేజీలు కలిపి తిప్పేశాను. ఒకచోట పుస్తకం బోర్లించి వెళ్లి గిన్నెలు తోముకున్నాను. పనమ్మాయి వచ్చి వెళ్లాక!

ఈ నవలని మెచ్చుకునేవాళ్లు మనలాంటివాళ్లకి ఒక సమాధానం సిద్ధంగా పెట్టుకుంటారు. "ఇది వ్యంగ్యమండీ, మీకు అర్థం కాలేదు" అని. ఎందుకర్థం కాలేదూ? డబ్బు ఆ కుర్రాళ్లందరినీ ఒకే మూసలో పోసింది. ఒకణ్ని ఇంకొకడి పేరుతో పిలుస్తుంటారు. చివరికి బేట్‌మన్ తన నేరాలు తానే ఒప్పుకున్నా లాయరు నవ్వేస్తాడు, పైగా అతన్ని ఇంకెవరో అనుకుని మాట్లాడతాడు! మంచి సూటు వేసుకున్న మగవాడు "నేనే చంపాను" అన్నా నమ్మేవాళ్లు లేరు. అక్కడ నాకు ఒళ్లు జలదరించింది. అంత బాగా రాశాడు. అయితే ఈ సంగతి చెప్పడానికి ఒక ఆడపిల్లని అన్ని పేజీలు కోయాలా? ఒక్క పేజీతో తెలిసేది కాదా? పదో పేజీకి వచ్చేసరికి వ్యంగ్యం ఎటో పోయి కోత ఒక్కటే మిగులుతుంది. ఇది నా అభ్యంతరం. పుస్తకాన్ని నిషేధించాలని మాత్రం నేననను. బహిష్కరించమన్న ఆడవాళ్లని తెలివితక్కువవాళ్లని కూడా అనను.

"పెద్దమ్మా, సినిమా కూడా చూసి అప్పుడు తిట్టు" అంది మా పిల్ల. చూశాను. 2000లో వచ్చింది. తీసిందెవరో తెలుసా? మేరీ హారన్ అనే ఆవిడ. ఆవిడా, గ్వినివియర్ టర్నర్ అనే మరో రచయిత్రీ కలిసి స్క్రీన్‌ప్లే రాశారు. నవలలో పేజీల కొద్దీ ఉన్న కోతల్ని వాళ్లు చాలావరకు తీసేశారు. ఆ చోటంతా ఆడవాళ్ల ముఖాలకిచ్చారు. వీధిలో నిలబడి బతికే ఒకమ్మాయి ఉంటుంది. మొదటిసారి అతనితో వెళ్లి ఆస్పత్రి పాలవుతుంది. రెండోసారి కారు వచ్చి ఆగితే ఎక్కాలా వద్దా అని తటపటాయిస్తుంది. వాడు డబ్బు చూపిస్తాడు. ఎక్కుతుంది. ఆ కాస్త తటపటాయింపు ఉంది చూశారూ... నేను చదివిన కోతలన్నీ ఒక ఎత్తు, అది ఒక ఎత్తు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దీని తర్వాత చూసిందే 'రోజ్‌మేరీస్ బేబీ'. ఐరా లెవిన్ 1967లో రాసిన నవలని మరుసటి ఏడాదే సినిమాగా తీశారు. మియా ఫారో నటించింది. పేరుకి సైతాను కథే గానీ, చూస్తున్నంతసేపూ నాకు మన ఇళ్లే కనిపించాయి. కొత్త కాపురం. పక్కింటి ముసలావిడ ఏదో చాక్లెట్ తీపి చేసి పంపుతుంది. రుచి ఏదో తేడాగా ఉందంటే "పాపం చేసి పంపింది, తిను" అని భర్త దెప్పుతాడు. ఆమెకి మైకం కమ్ముతుంది. తెల్లారి చూసుకుంటే ఒంటి మీద గోళ్ల గీతలు. పిల్లల కోసం ఎదురుచూస్తున్నాం, మంచి రోజు పోతుందని నిద్రలో ఉన్నా నేనే... అంటాడు భర్త, పాల ప్యాకెట్ మరిచిపోయానన్నంత తేలిగ్గా. సైతాను సంగతి అటుంచండి. భర్త చెప్పిందే నిజమైనా అది నేరం కాదా? ఆ సినిమా వచ్చేనాటికి అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ నేరం కాదు. అన్ని రాష్ట్రాల్లోనూ నేరం కావడానికి 1993 దాకా పట్టింది. మన దగ్గర 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా, భార్యకి పద్దెనిమిదేళ్లు దాటితే భర్త బలవంతం అత్యాచారం కాదన్న మినహాయింపు అలాగే ఉంచారు.

కడుపు వచ్చాక ఆమెకి నెలల తరబడి విపరీతమైన నొప్పి. మనిషి చిక్కి సగమైపోతుంది. పేరుమోసిన డాక్టరు మొదటే చెప్పేశాడు... పుస్తకాలు చదవొద్దు, స్నేహితురాళ్ల మాటలు వినొద్దు, ఏ సందేహమొచ్చినా నన్నే అడుగు అని. నొప్పి అంటే, అదే పోతుందంటాడు. ఆ మధ్యలో ఒక దృశ్యం ఉంటుంది. ఇంట్లో విందు జరుగుతుంటే ఆమె వంటింట్లో ఏడుస్తూ స్నేహితురాళ్లకి నొప్పి సంగతి చెబుతుంది. భర్త లోపలికి రాబోతే వాళ్లు రానివ్వకుండా తలుపేసేస్తారు. "ఇంత నొప్పి మామూలు కాదు, వేరే డాక్టరు దగ్గరికి వెళ్లు" అంటారు. సినిమా మొత్తంలో నాకు ఊపిరి ఆడింది అక్కడొక్కచోటే. తర్వాత ఆమె నిజంగానే ఇంకో డాక్టరు దగ్గరికి పరుగెత్తి అంతా చెబుతుంది. అతను శ్రద్ధగా వింటాడు, పడుకోబెడతాడు, బయటికెళ్లి భర్తకీ, ఆ మొదటి డాక్టరుకీ కబురు చేస్తాడు! విలన్ కూడా కాదతను. మంచివాడే. ఆడమనిషి చెప్పిందాన్ని ఆమె మొగుణ్ని అడిగి సరిచూసుకున్నాడు, అంతే.

(దీని దర్శకుడు రోమన్ పొలాన్‌స్కీ 1977లో పదమూడేళ్ల పిల్ల విషయంలో కోర్టులో నేరం ఒప్పుకుని, మరుసటి ఏడాది శిక్ష పడకముందే అమెరికా వదిలి పారిపోయాడు. ఆడదాని మాట నమ్మకపోవడం గురించి ఇంత బాగా తీసిన చెయ్యి అది. సినిమా మంచిదే. అతన్ని మాత్రం మెచ్చుకోవడానికి నాకు నోరు రాదు. "రెండూ ఒకేసారి ఎలా పెద్దమ్మా?" అని మా పిల్ల వాదిస్తోంది. నాకు కుదురుతోంది మరి.)

'కేరీ' గురించి కూడా ఒక మాట. స్టీఫెన్ కింగ్ అచ్చయిన మొదటి నవల అది, 1974. మొదటి పేజీలు రాసి, బాగాలేవని ఆయన చెత్తబుట్టలో పడేస్తే, భార్య టబిత ఏరి తీసి చదివి, రాయమందట. ఆడపిల్లల సంగతులు తను చెబుతానందట. 1976లో సినిమాగా వచ్చింది. స్కూల్లో స్నానాలగదిలో కేరీ పెద్దమనిషి అవుతుంది. తల్లి ఎప్పుడూ చెప్పలేదు కనుక చచ్చిపోతున్నాననుకుని కేకలు పెడుతుంది. తోటిపిల్లలు ప్యాడ్లు విసురుతూ గేలి చేస్తారు. ఇంటికొస్తే తల్లి, అది నీ పాపం అంటుంది. మన దగ్గర చాప వేసి కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపించి, ఊరంతా పిలిచి పాటలు పాడతాం. ఎందుకొచ్చిందో, ఏం చేసుకోవాలో మాత్రం నాకెవరూ చెప్పలేదు. మా చెల్లెలికి నేను చెప్పాను, నాకు తెలిసిన తప్పులన్నీ కలిపి. ఆ సినిమాలో చివరికి జరిగే మారణహోమం కంటే నాకు గుర్తుండేది ఆ స్నానాలగదే.

ఇవన్నీ అయ్యాక ఒక రాత్రి మా పిల్లని అడిగాను. "నీకివెందుకే ఇంత ఇష్టం?" అని. కాసేపు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది. డిగ్రీ రెండో ఏడాదిలో, అప్పుడు చదివిన ఊళ్లో, ఒక లెక్చరర్ మార్కుల వంకతో గదికి పిలిచి చెయ్యి పట్టుకున్నాడట. హాస్టల్ వార్డెన్‌కి చెబితే "ఆయనకి నీ వయసు కూతురుంది, పిచ్చిగా ఊహించుకోకు" అందట. ఇంటికి ఫోన్ చేసి అమ్మకి చెప్పిందట. అమ్మ కూడా ఆ మాటే అందట. "రోజ్‌మేరీకి చివరిదాకా ఎవరూ నమ్మరు పెద్దమ్మా. కానీ చూస్తున్నవాళ్లం మనం నమ్ముతాం కదా" అంది.

చెల్లెలికి ఫోన్ చేశాను. ఆ నవల నాకు నచ్చలేదనీ, అయినా పుస్తకాలు ఇక్కడే ఉంటాయనీ, పిల్ల చదువు ఆగదనీ చెప్పాను. హాస్టల్‌లో ఉన్నప్పుడు అది నీకు ఫోన్‌లో ఏదో చెప్పిందటగా, గుర్తుందా అని అడిగాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. కుక్కరు విజిల్ మాత్రం రెండుసార్లు వినపడింది.

"వంటింట్లో తలుపేసేసుకునే సినిమా అన్నావే, దాని పేరేంటక్కా?" అంది.

చెప్పాను. ఒక్కో అక్షరం రాసుకుంది.