కాటాకు ముద్ర అడుగుతాం, ఓటు లెక్కను అడగకూడదా?

మిల్లు దగ్గర కాటాలో తేడా అనిపిస్తే మనం ఊరుకోం. ముద్ర ఎప్పుడు వేయించారని అడుగుతాం, బస్తాను ఇంకో కాటా మీద పెట్టిస్తాం. అంతమాత్రాన మిల్లరును దొంగ అన్నట్టు కాదు. ఓటు యంత్రం గురించి అడిగితే మాత్రం 'ఓడిన పార్టీ మనిషి' అనేస్తున్నారు.

ఆ పేరు తెచ్చిపెట్టింది మన నాయకులే. 2019 ఏప్రిల్ 11న రాష్ట్రంలో చాలాచోట్ల యంత్రాలు మొరాయించి, కొన్ని బూత్‌లలో అర్ధరాత్రి దాటినా పోలింగ్ సాగింది. అప్పుడు చంద్రబాబు నాయుడు యంత్రాలను తప్పుపట్టారు. 2024 జూన్‌లో ఓడాక జగన్‌మోహన్ రెడ్డి కాగితం బ్యాలెట్ కావాలన్నారు. గెలిచిన ఏడు మాత్రం ఇద్దరికీ యంత్రం ముద్దే!

యంత్రాల్లో మోసం జరిగిందని మేం అనడం లేదు, రుజువు లేని మాట మన సంఘం అనదు. యంత్రం ఆయుష్షు 15 ఏళ్లని ఎన్నికల సంఘమే చెప్పింది. పాత రకం యంత్రాలు 64 మంది అభ్యర్థులు దాటితే పనికిరావు. 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు ధర కోసం మూకుమ్మడిగా నామినేషన్లు వేస్తే బరిలో 185 మంది నిలిచారు. కొత్త రకం యంత్రాలు తెప్పించి, బూత్‌కు 12 బ్యాలెట్ యూనిట్లు పేర్చారు. రైతులు యంత్రాన్నే మార్పించారు. పసుపు బోర్డు రావడానికి మాత్రం 2025 దాకా పట్టింది.

ఇక లెక్క సంగతి. వీవీప్యాట్ చీటీ 7 సెకన్లు కనిపించి పెట్టెలో పడుతుంది. అసెంబ్లీ నియోజకవర్గానికి 5 బూత్‌ల చీటీలనే లాటరీ తీసి లెక్కిస్తారు. అంతకుముందు ఒక్క బూతే, 2019లో సుప్రీంకోర్టు అయిదు చేసింది. 250 బూత్‌లుంటే నూటికి రెండన్నమాట. నూరు బస్తాల లోడులో రెండు తూచి మిగతావి రాసేసుకుంటే మనం ఒప్పుకుంటామా? మెజారిటీ వేలల్లో ఉంటే సరే, వందల్లో ఉన్నచోట చీటీలన్నీ లెక్కించాల్సిందే. మొత్తం లెక్కించాలన్న పిటిషన్లను కోర్టు 2024 ఏప్రిల్ 26న కొట్టేసింది. రెండు, మూడు స్థానాల అభ్యర్థులు 7 రోజుల్లో అడిగితే 5 శాతం యంత్రాలు తనిఖీ చేయించుకోవచ్చంది. ఖర్చు ముందు వాళ్లే కట్టాలి. ఓటరుకు ఆ దారి కూడా లేదు.

మన చేతిలో ఉన్నది ఫారం 17సి. పోలింగ్ ముగియగానే పోలైన ఓట్లెన్నో, ఏ నంబరు యంత్రమో రాసి ప్రిసైడింగ్ అధికారి ఏజెంట్లకు నకలు ఇవ్వాలి. ఏజెంట్లుగా కూర్చునే మన సభ్యులు, ఏ పార్టీ తరఫునైనా సరే, అన్నానికి ఆలస్యమైందని ఆ కాగితం తీసుకోకుండా లేచి రావద్దు. లెక్కింపు రోజు దాన్ని టేబుల్ దగ్గర సరిచూడాలి.

యంత్రమా, కాగితమా అని వాదించుకోవడానికైనా ముందు ఎన్నిక ఉండాలి కదా. మన ప్రాథమిక సహకార సంఘాలకు 2013లో ఎన్నికలు జరిగాయి, ఆ తర్వాత పదేళ్లు దాటినా జరపలేదు. మన అప్పు, మన ఎరువు చూసే సొసైటీలో పెత్తనం నామినేటెడ్ మనుషులది. కంకిపాడు, ఉయ్యూరు, గుడివాడ, అవనిగడ్డ మండలాల కమిటీలు వచ్చే సమావేశంలో ఈ రెండు విషయాల మీదా తీర్మానాలు చేసి విజయవాడ కార్యాలయానికి పంపాలి.