ఎనిమిదో తరగతి లెక్కలు, పన్నెండో తరగతి దరఖాస్తు

అమెరికాలో హైస్కూలు అంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లు. పోటీ ఎక్కువున్న యూనివర్సిటీలో సీటు కోరే విద్యార్థికి ఆ నాలుగేళ్లలో ఏ సబ్జెక్టు ఏ స్థాయిలో చదివాడన్నది మార్కులంత ముఖ్యం. అక్కడ జేఈఈ లాంటి ఒకే ఒక్క పరీక్ష లేదు, ర్యాంకుల వారీగా పిలిచి సీటు కేటాయించే కౌన్సెలింగూ లేదు. ఎస్ఏటీ అనే ప్రవేశ పరీక్ష ఉన్నా దాని స్కోరు ఫైల్లో ఒక కాగితం మాత్రమే. ఎంఐటీ 2022లో, హార్వర్డ్, కాల్‌టెక్ 2024లో దాన్ని మళ్లీ తప్పనిసరి చేశాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ వ్యవస్థ మాత్రం ప్రవేశాలకు ఆ స్కోరును లెక్కలోకి తీసుకోదు. ఏ అంశానికి ఎంత విలువ ఇస్తారో యూనివర్సిటీలు ఏటా కామన్ డేటా సెట్ అనే పత్రంలో ప్రకటిస్తాయి. అందులో మొదటి వరుసే హైస్కూలు కోర్సుల కాఠిన్యం. పోటీ తీవ్రంగా ఉన్న యూనివర్సిటీలు చాలావరకు దాని ఎదుట ‘చాలా ముఖ్యం’ అన్న గడిలోనే టిక్ పెడతాయి.

ఈ కాఠిన్యాన్ని దేశమంతటికీ ఒకే కొలతతో కొలవరు. దరఖాస్తుతో పాటు స్కూలు కౌన్సెలర్ ఒక నివేదిక పంపుతారు. ఆ స్కూల్లో దొరికే కోర్సులతో పోలిస్తే ఈ విద్యార్థి ఎంచుకున్నవి ఏ స్థాయివో అందులో గుర్తు పెట్టాలి: అత్యంత కఠినం, చాలా కఠినం, కఠినం, సగటు, అంతకన్నా తక్కువ. దానికి జతగా వెళ్లే స్కూలు ప్రొఫైల్‌లో ఆ స్కూలు ఏయే కోర్సులు నడుపుతోందో ఉంటుంది. కాలేజీ స్థాయిలో ఉండే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) కోర్సులు ఇరవై ఉన్న స్కూల్లో నాలుగు చదవడం, నాలుగే ఉన్న స్కూల్లో నాలుగూ చదవడం ఒకటి కాదని దరఖాస్తులు చదివేవారికి తెలుసు. వాషింగ్టన్ డీసీ ప్రాంతంలోని ఎనిమిది ప్రైవేటు స్కూళ్లు ఈ ఏపీ కోర్సులనే 2022 నాటికి ఎత్తేస్తామని 2018లో ప్రకటించగలిగింది ఈ ధైర్యంతోనే. స్కూలు ఇవ్వని కోర్సు చదవలేదని విద్యార్థిని ఎవరూ తప్పుపట్టరు.

నాలుగేళ్ల ప్రణాళికలో వెన్నెముక లెక్కలే. ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాల్‌క్యులస్, ఆ తర్వాత క్యాలిక్యులస్. ఒకదాని మీద ఒకటి నిలబడే ఈ వరుసలో మెట్టు దాటడం కుదరదు. తొమ్మిదిలో ఆల్జీబ్రా 1 మొదలుపెట్టిన పిల్లవాడు ఏడాదికొకటి చొప్పున చదివితే పన్నెండులో ప్రీకాల్‌క్యులస్ దగ్గర ఆగుతాడు. క్యాలిక్యులస్‌కు చేరాలంటే ఆల్జీబ్రా 1 ఎనిమిదిలోనే పూర్తవాలి. లేదంటే వేసవిలో ఒక కోర్సు, లేదా జామెట్రీ, ఆల్జీబ్రా 2 ఒకే ఏడు కలిపి చదవాలి. ఇంజనీరింగ్ చదవాలనుకునే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. హైస్కూల్లో క్యాలిక్యులస్ దాకా చదివి రమ్మని ఎంఐటీ సూచిస్తుంది. పదిహేడేళ్ల వయసులో చేసే దరఖాస్తు భవితవ్యం చాలావరకు పన్నెండు, పదమూడేళ్ల వయసులో మిడిల్ స్కూలు పెట్టే ప్లేస్‌మెంట్ పరీక్షతో తేలిపోతోంది. ఆ సంగతి ముందుగా తెలిసిన ఇళ్లకూ తెలియని ఇళ్లకూ మధ్య ఏర్పడే దూరం అన్యాయమైనది.

ఆ దూరాన్ని చెరిపేద్దామనే శాన్‌ఫ్రాన్సిస్కో స్కూలు డిస్ట్రిక్ట్ 2014లో ఎనిమిదో తరగతి నుంచి ఆల్జీబ్రా 1ను తీసేసి, అందరూ తొమ్మిదిలోనే చదవాలంది. స్తోమత ఉన్నవాళ్లు బయట డబ్బు కట్టి చదివించుకున్నారు, లేనివాళ్లు వరుసలో వెనకబడ్డారు. పదేళ్లకు, 2024 మార్చిలో, ఆ కోర్సును వెనక్కి తెమ్మంటూ నగర ఓటర్లు సలహాపూర్వక తీర్మానాన్ని గెలిపించారు. తలుపు మూసేస్తే అసమానత పోదు. ఎనిమిదిలో సిద్ధంగా ఉన్న ప్రతి పిల్లకూ స్కూల్లోనే, ఉచితంగా ఆ కోర్సు దొరకడమే దానికి మందు.

సైన్సు వరుస కూడా లెక్కల్ని పట్టుకునే నడుస్తుంది. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఒక్కో ఏడాది చదివాక, ఇష్టమైనదాన్ని ఏపీ స్థాయిలో తీసుకోవడం వాడుక. ఏపీ ఫిజిక్స్ సి చదవాలంటే కనీసం పక్కన క్యాలిక్యులస్ నడుస్తూ ఉండాలి. అంటే ఆ కోర్సు కూడా ఎనిమిదో తరగతి ఆల్జీబ్రాకు ముడిపడి ఉంది. స్కూల్లో క్యాలిక్యులస్, ఫిజిక్స్ లేని పిల్లల కోసం కాల్‌టెక్ 2023లో ఒక దారి తెరిచింది. ఖాన్ అకాడమీ లాంటి ఆన్‌లైన్ వేదికలో నేర్చుకుని, ఆ పట్టును పరీక్షతో నిరూపిస్తే చాలంది. హైస్కూల్లో ఉంటూనే ఊళ్లోని కమ్యూనిటీ కాలేజీలో కోర్సులు చదివే డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ మరో దారి.

టెక్సాస్‌లో ప్రణాళికను శాసించేది స్కూల్లో విద్యార్థికి వచ్చే ర్యాంకు. ప్రవేశాల్లో జాతిని పరిగణించరాదని 1996లో హాప్‌వుడ్ కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పిచ్చాక, ఆ రాష్ట్రం 1997లో ప్రతి హైస్కూలులో మొదటి పది శాతానికి ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశమిచ్చే చట్టం చేసింది. ఆస్టిన్‌లోని ప్రధాన యూనివర్సిటీకి ఆ గీత తగ్గుతూ వచ్చి, 2026 ప్రవేశాలకు ఐదు శాతానికి చేరింది. తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన డాలస్ శివార్లలో పోటీ అంతా ఈ గీత చుట్టూనే. ర్యాంకు కట్టేది గ్రేడ్ల పాయింట్ల సగటుతో. మామూలు కోర్సులో ‘ఎ’కు 4, ఏపీలో ‘ఎ’కు 5 పాయింట్లు ఇచ్చే స్కూలును తీసుకుందాం. ఆరు ఏపీలలో ‘ఎ’లు తెచ్చుకున్న అమ్మాయి సగటు 5. ఏడో పీరియడ్‌లో మామూలు కోర్సైన ఆర్కెస్ట్రా పెట్టుకుని అందులోనూ ‘ఎ’ తెచ్చుకుంటే అది 4.86కు పడిపోతుంది. వయొలిన్ అంటే ప్రాణం పెట్టే పిల్ల దాన్ని వదిలేసేది ఇలాంటి లెక్క వల్లే. ఇంతా చేసి దక్కే నేరు ప్రవేశం యూనివర్సిటీలోకే, కంప్యూటర్ సైన్స్ విభాగంలోకి కాదు. ఆ విభాగం సీటుకు ఫైలంతా విడిగా చదువుతారు, అక్కడ వదిలేసిన వయొలిన్‌కూ విలువ ఉంటుంది.

ఏపీల సంఖ్యను ఇంటర్ మార్కుల్లా చూసే అలవాటు చాలా తెలుగు ఇళ్లలో ఉంది. పది కన్నా పన్నెండు మేలు, పన్నెండు కన్నా పదిహేను మేలు అన్న ధోరణి అది. కాలిఫోర్నియా యూనివర్సిటీ లెక్క దానికి జవాబు. అక్కడ అర్హతకు పదిహేను ఏడాది కోర్సులు కావాలి, వాటిలో పదకొండు పన్నెండో తరగతికి ముందే ముగియాలి. అర్హతకు చూసే గ్రేడ్ల సగటును (జీపీఏ) పది, పదకొండు తరగతుల గ్రేడ్లతో కడతారు. అందులో ఆనర్స్ అనే పై స్థాయి కోర్సులకూ ఏపీలకూ ఇచ్చే అదనపు పాయింటు ఎనిమిది సెమిస్టర్లకే, అంటే నాలుగు ఏడాది కోర్సులకే దక్కుతుంది. ఆపై ఎన్ని చదివినా ఆ అంకె పెరగదు. ఏపీ పరీక్షలతో కాలేజీ ఫీజు ఆదా అవుతుందన్న మాట టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల విషయంలో చాలావరకు నిజం, డార్ట్‌మత్ లాంటి చోట కాదు. 2014 నుంచి చేరినవారికి డార్ట్‌మత్ ఏపీ స్కోర్లతో డిగ్రీ క్రెడిట్లు ఇవ్వడం లేదు. రాత్రి ఒంటిగంట దాకా మేలుకుని ఆరో ఏపీని ఈడ్చే పిల్లవాడు మిగతా ఐదింటిలోనూ ‘బి’లు తెచ్చుకుంటే, ఆ సంఖ్య అతనికి చేసే మేలు లేదు. ఎంచుకున్న రంగానికి దగ్గరి కోర్సుల్లో పై మెట్టు దాకా వెళ్లి, మిగతావాటిలో మోయగలిగినంతే పెట్టుకోవడం తెలివైన పని.

అందరూ తేలిగ్గా తీసుకునేది భాష. హైదరాబాద్, విజయవాడల్లో ఇంటర్ విద్యార్థులు మార్కుల కోసం సంస్కృతం తీసుకుని రెండేళ్లలో వదిలేసినట్టు, అమెరికాలోనూ రెండేళ్ల స్పానిష్‌తో చాలించేవారు ఎక్కువ. కాలిఫోర్నియా యూనివర్సిటీ రెండేళ్లు చాలు, మూడైతే మంచిదంటుంది. హార్వర్డ్ ఒకే భాషను నాలుగేళ్లు చదవమని సూచిస్తుంది. కొన్ని స్కూలు డిస్ట్రిక్ట్‌లు బయట నేర్చుకున్న తెలుగుకూ క్రెడిట్ ఇస్తాయి. అది ట్రాన్‌స్క్రిప్ట్ అనే గ్రేడ్ల పత్రంలో ఎక్కుతుందో లేదో తొమ్మిదిలోనే కౌన్సెలర్‌ను అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

వచ్చే ఏడాది కోర్సుల ఎంపిక పత్రాలు సాధారణంగా చలికాలంలోనే స్కూలు చేతికి వెళ్లిపోతాయి. దరఖాస్తు మాత్రం పన్నెండులో, ముందస్తు గడువైతే నవంబరు 1 ప్రాంతంలో, మామూలు గడువైతే జనవరి మొదట్లో. అప్పటికి చేతిలో ఉండేవి మూడేళ్ల గ్రేడ్లు, పన్నెండో తరగతి కోర్సుల జాబితా. ఆ జాబితాలో లెక్కలు, సైన్సు మాయమైతే దరఖాస్తు చదివేవారి కంట పడుతుంది. జనవరి, ఫిబ్రవరిల్లో మొదటి సెమిస్టర్ గ్రేడ్లతో మిడ్ ఇయర్ రిపోర్టు వెళ్తుంది, వేసవిలో తుది ట్రాన్‌స్క్రిప్ట్. దరఖాస్తులో రాసిన కోర్సును మధ్యలో మానేస్తే యూనివర్సిటీకి తెలియజేయాలి. గ్రేడ్లు బాగా దిగజారితే, ఇచ్చిన సీటును వెనక్కి తీసుకునే హక్కు యూనివర్సిటీకి ఉంది.