పారిస్ పుర్రెల కన్నా ముందు నిర్మల్ మర్రి



పోయిన నెల ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంగ్లిష్ ప్రాజెక్టు ఒకటి ఇచ్చాను. నచ్చిన చోటికి పది రోజుల టూర్ ప్లాన్ రాయాలి. ఎక్కువమంది దుబాయ్, సింగపూర్ రాశారు. ఒక అబ్బాయి మాత్రం యూరప్ రాశాడు. అందులో ఈఫిల్ టవర్ లేదు, స్విట్జర్లాండ్ మంచు లేదు. పారిస్‌లో భూమి కింద ఎముకల సొరంగాలు, చెక్ దేశంలో ఎముకలతో అలంకరించిన చర్చి, వియన్నాలో రాజుల శవపేటికలు ఉన్నాయి. పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్ల నాన్నగారు ఆ కాగితం చూపించి, "ఇదేం లిస్టు మేడం, అన్నీ బొక్కలు, పుర్రెలే! వచ్చే ఎండాకాలం నిజంగనే పోదామనుకుంటున్నం. ఇవన్నీ చూస్తే వీడు రాత్రి పండుకుంటడా?" అని అడిగారు. లైన్‌లో ఇంకా చాలామంది ఉన్నారు, సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

సార్, ఆ లిస్టు కొట్టేయకండి.

పిల్లలకు చావు గురించిన ఆసక్తి ఉంటుంది. మనం వద్దన్నా ఉంటుంది, ఫోన్‌లో ఇంతకన్నా ఘోరమైనవే చూస్తున్నారు. తేడా ఏమిటంటే, చరిత్ర ఉన్న చోట ఆ ఆసక్తి ప్రశ్నగా మారుతుంది. పారిస్ సొరంగాల్లో సుమారు 60 లక్షల మంది అస్థికలు ఉన్నాయని రాసి ఊరుకోలేదు ఆ అబ్బాయి. అక్కడికి ఎందుకు చేర్చారని వెతికాడు. నగరం మధ్యలో ఉన్న శ్మశానం నిండిపోయింది, 1780లో పక్కింటి నేలమాళిగ గోడ కూలి శవాలు లోపలికి వచ్చాయి. అందుకని 1786 నుంచి ఎముకలను పాత రాతి గనుల్లోకి తరలించారు. పారిశుధ్యం గురించి నేను చెబితే ఆవలించే పిల్లాడు, పుర్రెల పుణ్యమా అని తనంతట తానే చదివాడు. వియన్నాలో హాబ్స్‌బర్గ్ రాజవంశం వాళ్ల శరీరాలను ఒక చర్చిలో, గుండెలను ఇంకో చర్చిలో, పేగులను మూడో చర్చిలో పెట్టేవాళ్లని క్లాసులో చదివినప్పుడు వెనక బెంచీ కూడా నిటారుగా కూర్చుంది.

ప్లాన్ చేసుకునేవాళ్లకు నాలుగు మాటలు. ఆరో తరగతి లోపు పిల్లలను ఇలాంటి చోట్లకు తీసుకెళ్లొద్దని నా అభిప్రాయం. పారిస్ సొరంగంలోకి 131 మెట్లు దిగాలి, లోపల 14 డిగ్రీల చలి. మోకాళ్ల నొప్పులున్న నానమ్మలు, అమ్మమ్మలు పైనే కాఫీ తాగుతూ కూర్చోవడం మంచిది. ప్రాగ్ నుంచి రైల్లో గంట దూరంలో ఉన్న సెడ్లెట్స్ చర్చిలో 40 వేలమందికి పైగా అస్థికలు ఉన్నాయి. ప్లేగుకు, యుద్ధాలకు పోయినవాళ్లవే ఎక్కువ. అక్కడ 2020 నుంచి అనుమతి లేకుండా ఫోటోలు తీయనివ్వడం లేదు. పుర్రెలకు టోపీలు పెట్టి, కళ్లజోళ్లు పెట్టి సెల్ఫీలు దిగినవాళ్ల వల్ల వచ్చిన రూలు అది. పిల్లలకు ఈ సంగతి బయల్దేరే ముందే చెప్పండి.

అయితే, వీసా ఫారం నింపే ముందు ఒక ఆదివారం నిర్మల్ వెళ్లి రండి. ఈ మాట నాకు నేను కూడా చెప్పుకోవలసిందే. మాది ఆదిలాబాద్ వైపు. బీఈడీ చదివిన రోజుల్లో ఎన్నిసార్లో నిర్మల్ మీదుగా బస్సులో వచ్చాను, పోయాను. కొయ్యబొమ్మలు కొన్నాను, కుంతాల జలపాతం దగ్గర ఫోటోలు దిగాను. వెయ్యి ఉరుల మర్రి గురించి మాత్రం పారిస్ సొరంగాల తర్వాతే తెలుసుకున్నాను. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

రాంజీ గోండు, ఆయన వెంట గోండులు, రోహిల్లాలు బ్రిటిష్ సైన్యంతో, నిజాం సైన్యంతో పోరాడారు. 1860 ఏప్రిల్ 9న ఆయనను, వెయ్యి మందిని నిర్మల్‌లో ఒక మర్రిచెట్టుకు ఉరి తీశారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పుడు లేదు, స్మారకం ఉంది. ఈ సంగతి చెప్పగానే ఆ అబ్బాయే, "ఒక్క చెట్టుకు వెయ్యి మందా మేడం? ఎవరు లెక్కపెట్టిన్రు?" అన్నాడు. నిర్మల్‌కు వెళ్తే చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు, నిజమే. ఎముకల షాండ్లియర్ లేదు, టికెట్ కౌంటర్ లేదు. కానీ వెయ్యి అనే లెక్కను జనం నోట ఎవరు నిలబెట్టారు, కాగితం మీద ఎవరు రాయలేదు అని అడగడం మొదలైన పిల్లాడు పారిస్‌లో ఇచ్చే బ్రోచర్‌ను కూడా అట్లాగే చదువుతాడు.

ఆ రోజు క్లాసులో ఇంకొకటి జరిగింది. నేను బోర్డు మీద ఇంద్రవెల్లి అని కూడా రాశాను. 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. భూముల గురించి, వడ్డీ వ్యాపారుల దోపిడీ గురించి సభ పెట్టుకోవడానికి వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క 13 మంది, పౌరహక్కుల సంఘాల లెక్క దానికి ఎన్నో రెట్లు. ఏటా ఆ తేదీన స్తూపం దగ్గరకు జనాన్ని పోనివ్వకుండా చాలా ఏళ్లు ఆంక్షలు పెట్టారు. నేను చెబుతుంటే, హాస్టల్‌లో ఉండి చదువుకునే జైనూర్ వైపు అమ్మాయి ఒకతి, ఎప్పుడూ చెయ్యెత్తనిది, "మా తాత ఆ రోజు అక్కడనే ఉండె మేడం" అంది. అంతవరకు పుర్రెల గురించి నవ్వుకుంటున్న క్లాసు గమ్మున అయిపోయింది.

నేను తడబడ్డాను. టూరిస్టు స్థలాల వరసలో ఆ పేరు రాసింది నేనే కదా. సెడ్లెట్స్ ఎముకల పేర్లు ఎవరికీ తెలియవు, వాటి కోసం ఏడ్చేవాళ్లు ఇప్పుడు లేరు. ఇంద్రవెల్లిలో చనిపోయినవాళ్ల ఇంటివాళ్లు మన పిల్లల పక్క బెంచీలో కూర్చుంటున్నారు. కాబట్టి వింత చూడటానికి వెళ్లినట్టు అక్కడికి వెళ్లకూడదు. అలాగని వెళ్లకుండా ఉండటం నాకు ఇంకా తప్పనిపిస్తుంది. వెళ్లండి, స్తూపం దగ్గర పిల్లలతో కాసేపు నిలబడండి, ఎవరైనా పెద్దవాళ్లు మాట్లాడితే వినండి. సెల్ఫీ వద్దని అక్కడ ఏ బోర్డూ చెప్పదు, మనమే చెప్పాలి.

అక్కడి నుంచి ఉట్నూర్ మీదుగా జైనూర్ మండలం మార్లవాయికి వెళ్లండి. 1940లో కొమురం భీం చనిపోయాక, గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. ఆయన, భార్య బెట్టీ ఆ ఊళ్లో ఉన్నారు. 1943లో అక్కడే గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి. బీఈడీ చదివిన నాకు ఆ సంగతి ఏ పేపర్‌లోనూ రాలేదు. బెట్టీ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో పోయారు, తరువాత ఆయన అస్థికలు కూడా తెచ్చి భార్య పక్కనే ఉంచారు. ఆయన పుట్టింది వియన్నాలో. రాజుల గుండెలు ఒక చోట, పేగులు ఒక చోట పెట్టుకున్న ఆ వియన్నాలోనే.

అబ్బాయి ప్రాజెక్టు మళ్లీ రాసి తెచ్చాడు. పది రోజులు పన్నెండు అయ్యాయి, మొదటి రెండు రోజులు నిర్మల్, ఇంద్రవెల్లి, మార్లవాయి. మార్లవాయి ఎదురుగా పెన్సిల్‌తో "భోజనం ఎక్కడ?" అని రాసి ఉంది. జైనూర్ అమ్మాయిని అడిగాను. వాళ్ల నాన్నతో ఫోన్‌లో మాట్లాడి వచ్చి, "ఎంతమంది వస్తున్నరో ముందుగాల చెప్పమన్నడు మేడం" అంది.