నల్లులున్నాయని చెప్పడానికి సిగ్గెందుకు?



పోయిన నెల విరుదునగర్ వైపు ఒక వృద్ధాశ్రమానికి వెళ్ళాము. మాకు అత్త వరస అయ్యే పెద్దావిడ అక్కడ ఉంటున్నారు. చేతుల మీదా మెడ మీదా వరసగా ఎర్రటి దద్దులు. పనివాళ్ళు చెమటకాయలన్నారు. పరుపు అంచు ఎత్తి చూశాము. కుట్టు పొడుగునా సిరా చుక్కల్లాగా నల్లటి మచ్చలు, మధ్యలో నల్లులు. అత్త మెల్లగా, "ఎవరితోనూ చెప్పొద్దు అల్లుడూ, నన్ను పంపించేస్తారు" అన్నారు.

ఆ మాట కోసమే ఇది రాస్తున్నాము.

మేము చదివింది తమిళ బడిలో. అక్కడ మూట్టైప్పూచ్చి, ఇంట్లో అమ్మ నోట నల్లి. రైల్వేలో చేరిన కొత్తలో చెక్క బల్లల బండ్లు. ప్రయాణికుడి బెడ్డింగులో టిక్కెట్టు లేకుండా నల్లి కూడా దిగేది. కోవిల్‌పట్టి క్వార్టర్స్‌లో ఆదివారం మంచాలు వాకిట్లో వేసి, కీళ్ళలో మరిగే నీళ్ళు పోసేవాళ్ళం. ఒక ఇంట్లో కనబడితే వరసంతా పోసేది. ఎవరూ దాచలేదు.

నల్లికి మురికి అక్కర్లేదు, మనిషి రక్తం చాలు. శుభ్రమైన ఇంటికీ వస్తుంది. అది జబ్బులు అంటిస్తుందని రుజువు లేదు. కానీ నిద్ర పోతుంది, గోకితే పుండవుతుంది, షుగరున్నవాళ్ళకు ఆ పుండు త్వరగా మానదు. పెద్దవాళ్ళలో కొందరికి కుట్టినా దద్దు రాదు. మతిమరుపున్నవాళ్ళు చెప్పలేరు. అందుకే వాళ్ళు చెప్పేదాకా ఆగకుండా మనమే చూడాలి: పరుపు కుట్లు, మంచం కీళ్ళు, వీల్‌చైర్ సీటు కింద.

కనబడితే మందు కొట్టి ఊరుకుంటే చాలదు. చాలా నల్లులు మామూలు మందులకు చావడం లేదు. దుప్పట్లు, బట్టలు సంచిలో కట్టి తీసుకెళ్ళి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకాలి. మన కోవిల్‌పట్టి ఎండ ఎంత మండినా పరుపు లోపలిదాకా పోదు. మనిషిని వేరే గదికి మారిస్తే సామాన్లతో నల్లీ పోతుంది. పక్క గదులూ చూడాలి. గుడ్లు వారం పది రోజుల్లో పొదుగుతాయి గనక రెండు వారాలకు మళ్ళీ చూడాలి.

మన తప్పూ ఉంది. ఇల్లు మారినప్పుడు పాత పరుపులు ఆశ్రమానికిచ్చి పుణ్యమనుకుంటాము. మేమూ ఇచ్చాము. లోపల ఏముందో చూడలేదు.

వచ్చే కమిటీలో ఇది పెట్టాలని మా కోరిక. పాత పరుపులు, చెక్క మంచాలు ఇవ్వడం ఆపుదాం. ఇనుప మంచాలకు, రెండో జత దుప్పట్లకు డబ్బిద్దాం. "ఉంటే చెప్పండి, ఖర్చులో మేమూ ఉంటాం" అని ఆశ్రమంవాళ్ళతో అందాం. బయటపడితే ఆశ్రమం పేరు పోతుందని కొందరంటారు. దాచితే పక్క మంచానికి పాకుతుంది, అప్పుడు పేరు మిగులుతుందా?

అత్త వద్దన్నా నిర్వాహకుడికి చెప్పాము. ముందు కోప్పడ్డారు. తర్వాత పక్క మంచం తిప్పి చూశారు. అక్కడా ఉన్నాయి. అత్తను ఎవరూ పంపించలేదు.

అభ్యంతరమున్నవాళ్ళు ఇక్కడే రాయండి. తప్పుంటే మన్నించండి.