ఉప్పెన అనే రాద్దాం

ఇంగ్లీషులో 'సర్జ్' అన్న మాట ఒక్కటే. ధరలు ఎగబాకినా సర్జే, కరోనా కేసులు పెరిగినా సర్జే, కరెంటు ఒక్కసారిగా ఎక్కువై టీవీ కాలిపోయినా సర్జే, తుఫాను సముద్రాన్ని ఊళ్ళమీదికి తోసినా సర్జే. జపాను అనువాదకుడు సందర్భం చూసి మాట మారుస్తాడు. కేసులకు 'క్యూజో' అంటాడు. కరెంటుకు ఇంగ్లీషు మాటనే 'సాజి' అని పలుకుతాడు. సముద్రానికి 'తకాషియో', అంటే ఎత్తయిన పోటు. భూకంపం వెంట వచ్చే త్సునామి దానికి పూర్తిగా వేరు. 1959 సెప్టెంబరులో ఇసే అఖాతం తుఫానుకు సుమారు 5,000 మంది పోయారు. వాళ్ళలో ఎక్కువమందిని ముంచింది తకాషియో. ఆ తేడా అక్కడివాళ్ళకు ప్రాణాలు పోగొట్టుకున్న అనుభవంలోంచి తెలుసు.

మనకూ అలాగే తెలుసు. 1864 నవంబరు 1న బందరును ముంచి దాదాపు 30,000 మందిని మింగింది ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమలోని నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల్లో ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టిందీ ఉప్పెనే. అప్పుడు ఇంగ్లీషు పత్రికలు 'టైడల్ వేవ్' అని రాశాయి. సునామీని కూడా వాళ్ళు అదే పేరుతో పిలిచేవారు. దివిసీమలో ఎవరూ అలా కలగలపలేదు.

ఇంత మాట చేతిలో ఉండగా తుఫాను వార్తల్లో మనం తరచు చదివేదేమిటి? 'అలలు మీటరు ఎత్తున ఎగసిపడతాయి' అని. ఇది తప్పు అనువాదం. అల వచ్చి విరిగి వెనక్కి పోతుంది. ఉప్పెనలో సముద్రమట్టమే పైకి లేస్తుంది. గాలి తోసిన నీరు లోతు తక్కువైన తీరంలో గుట్టపడి, మురుగుకాలవల వెంట ఎదురెక్కి, చేలల్లోకీ ఇళ్ళలోకీ వచ్చి నిలుస్తుంది. ఆ లేచిన నీటి మీద అలలు అదనం. అలలని చదివిన గుడివాడ పాఠకులు అదేదో ఒడ్డునున్న వాళ్ళ గొడవ అనుకుంటారు. నాగాయలంక పాఠకులకైతే ఆ మీటరు తమ వాకిట్లోకి వచ్చే నీరని తెలియాలి. 2013లో ఫిలిప్పీన్స్‌లోని తక్లోబాన్‌లో హైయాన్ తుఫానుకు ముందు ఇంగ్లీషు మాటతోనే హెచ్చరిక చేశారు. చాలామందికి దాని భావం అందలేదు. సునామీ అని ఉంటే పరుగెత్తేవాళ్ళమని బతికినవాళ్ళు తర్వాత చెప్పారు.

మరోపక్క, రాజకీయ సభల వార్తల్లో జనం ఉప్పెనలా వస్తున్నారు, అభిమానం ఉప్పెనలా పొంగుతోంది. ఈ వాడుకను ఆపమనడం మా ఉద్దేశం కాదు, భాష ఎవరి మాటా వినదు. కానీ అలంకారానికి దొరికిన మాట హెచ్చరికకు దొరకకపోవడం బాధ కలిగిస్తోంది. వార్తల బల్ల దగ్గర కూర్చునే మిత్రులకు మా విన్నపం ఒకటే. వాతావరణ శాఖ ప్రకటనలో 'స్టార్మ్ సర్జ్' కనబడితే ఉప్పెన అని రాయండి. ఎంత ఎత్తు, ఏ ఏ మండలాలు, ఎంత లోపలిదాకా వస్తుందన్నది ఆ పక్క వాక్యంలోనే చెప్పండి.