గుమాస్తా కబుర్లు: అరంగుళమంటే చాలదు

పోయిన నెల మన సంఘం సమావేశంలో, పీణ్యలో చిన్న వర్క్‌షాపు పెట్టబోతున్న మిత్రుడొకరు, "గుమాస్తా గారూ, ఇన్నేళ్లుగా హైడ్రాలిక్ సామానులకు ఇండెంట్లు వ్రాస్తున్నారు గదా, గొట్టాలకు ఏ జాయింటు మంచిదో చెప్పండి" అని అడిగారు. నేను ఇంజనీరును కాను. ఎస్సెస్సెల్సీతో చదువు ఆపి, బెంగుళూరులో బల్లముందు కూర్చున్నవాణ్ణి. అయినా ఈ విషయంలో నాకొక బాకీ ఉన్నది.

2016లో మా కంపెనీలో ఒక ప్రెస్సుకు జాయింట్లు కావలసి వచ్చాయి. కాగితం మీద "అరంగుళం, 12" అని వ్రాసి పంపాను. కొట్టువారు అరంగుళానివే పంపారు. తప్పు నాదే. అరంగుళపు మరలలో రెండు జాతులున్నాయి. బ్రిటిష్ వారిది బీ.ఎస్.పీ., అమెరికా వారిది ఎన్.పీ.టీ. రెండింటికీ అంగుళానికి 14 చుట్లే. కాని మొదటిదాని కోణం 55 డిగ్రీలు, రెండవదానిది 60. అందుచేత ఒకటి రెండవదానిలోకి కొన్ని చుట్లు సులభంగానే ఎక్కుతుంది. బిగిసినట్లే ఉంటుంది. లోపల సందు మిగులుతుంది.

పంపు నడిపారు. గేజి 150 బార్ చూపింది. అంటే చదరపు సెంటీమీటరు మీద సుమారు 150 కిలోల బరువు. "సోరుత్తిదె!" అని మా ఫోర్‌మన్ కన్నడంలో కేక వేశారు. ఎక్కడ కారుతున్నదో చూద్దామని మదనపల్లె కుర్రవాడొకడు చెయ్యి పెట్టాడు. "ఏం లేదన్నా, చీమ కుట్టినట్లుంది, అంతే" అన్నాడు నాతో. వేలి మీద సూదిమొనంత గాటు. కాని సూదిమందు ఎక్కినట్లు చమురు లోపలికి ఎక్కిపోయింది. ఫోర్‌మన్ ఆ నిమిషమే ఆస్పత్రికి తీసుకుపోయారు. ఆ రాత్రే వేలు కోసి, కడిగి, కుట్టారు. ఆలస్యమైతే వేలు తీసివేయవలసి వచ్చేదట. వేలు దక్కింది గాని, ఈనాటికీ పూర్తిగా ముడుచుకోదు.

ఇక మిత్రుని ప్రశ్నకు వస్తాను. ఏ జాయింటునైనా మొదట ఒక్క మాట అడగండి: ఇందులో చమురును ఆపేది ఏది?

మొనవైపు సన్నబడే మరలలో, ఆ మరలే చమురును ఆపాలి. సాధారణంగా టేపు చుడతారు. దాని పీలికలు వాల్వులోకి పోయి ఇరుక్కుంటాయి. విప్పి బిగించిన కొద్దీ మరలు అరుగుతాయి. ఒత్తిడి తక్కువైన చోట తప్ప ఇవి వద్దు.

తిన్నని మరలలో పట్టుకొనే పని మరలది, చమురును ఆపే పని రబ్బరు వాషరుది లేక ఓ-రింగుది. పంపు, వాల్వు మూతులకు ఇదే మేలు.

సన్నని ఉక్కు గొట్టాలకు 24 డిగ్రీల కోను, కొరికి పట్టే రింగు ఉన్న జాయింటు వాడతారు. గొట్టాన్ని సూటిగా కోసి, చెప్పినన్ని చుట్లే బిగించాలి. గొట్టం అంచును 37 డిగ్రీలకు విప్పార్చి బిగించేది మరొక పద్ధతి. అదురు ఎక్కువైన చోట చదును ముఖం మీద ఓ-రింగు కూర్చునే జాయింటు బాగా నిలుస్తుంది. లావు గొట్టాలకు అంత పెద్ద నట్టును రెంచితో బిగించడం కష్టం. నాలుగు బోల్టుల ఫ్లాంజి పెట్టండి. ఎన్నడూ విప్పనక్కరలేని చోట వెల్డింగు చేయవచ్చు, కాని లోపలి మసిని పూర్తిగా కడగాలి.

"కొంచెం కారితే ఏమిలే" అనకండి. సెకనుకొక చుక్క చొప్పున రోజుకు 86,400 చుక్కలు. 20 చుక్కలు ఒక మిల్లీలీటరనుకుంటే, 4 లీటర్లకు పైమాటే. కారే చోటును చేత్తో తడమవద్దు. అట్టముక్కతో చూడండి. పంపు ఆపి, ఒత్తిడి దిగిన తరువాతనే రెంచి పట్టండి.

ఇండెంటులో మర జాతి, కొలత, ఒత్తిడి, గొట్టం బయటి వ్యాసం అన్నీ వ్రాయండి. అరంగుళపు మరను స్కేలుతో కొలిస్తే 21 మిల్లీమీటర్లుంటుంది. అరంగుళమన్నది పేరే గాని కొలత కాదు.

ఆ కుర్రవాడు ఇప్పుడు మా దగ్గరే ఫిట్టరు. నా ఇండెంటు బయటికి పోయేముందు అతని చేతికిస్తాను. అతడు ఆ ముడవని వేలితోనే వరుసవరుసా చూసి, సరేనన్నాకే సంతకం పెడతాను.